ల్యాప్‌టాప్ లేదా? సీ లాంగ్వేజ్ ఫోన్‌లోనే నేర్చుకోండి!
బీటెక్ ఫస్టియర్‌లో నాకు ల్యాప్‌టాప్ లేదు. ప్రోగ్రామ్‌లు రికార్డులో కాపీ కొట్టేవాణ్ణి, అంతే. ల్యాబ్ ఎగ్జామ్‌లో రెండు సబ్జెక్టుల మార్కుల సగటు అడిగారు. మొత్తం 145. ఆన్సర్ ఫ్లోట్‌లోనే పెట్టా, అయినా 72.5 బదులు 72.000000 వచ్చింది. ఎందుకని అడిగితే నోరు పెగల్లేదు.

కారణం సింపుల్. సీలో ఇంటిజర్‌ని ఇంటిజర్‌తో భాగిస్తే పాయింట్ తర్వాతి భాగం పోతుంది. ఫ్లోట్‌లోకి వెళ్లేలోపే అది పోయి ఉంటుంది. 2 బదులు 2.0తో భాగిస్తే సరి.

ఇది నాకు అర్థమైంది ఆ తర్వాత ఫోన్‌లోనే. ఆండ్రాయిడ్‌లో టెర్మక్స్ యాప్ వేసి, అందులో క్లాంగ్ కంపైలర్ ఇన్‌స్టాల్ చేశా. మీరూ ట్రై చేయండి. కానీ రన్ చేసేముందు అవుట్‌పుట్ ఏమొస్తుందో పేపర్ మీద రాసుకోండి. తప్పితే ఎందుకు తప్పిందో వెతకండి. నేను నేర్చుకున్నది అలాగే.