తీర్పు వచ్చాక ఏమవుతుంది? – పిల్లల కేసుల్లో అప్పీలు



2019 జూన్‌లో హన్మకొండలో తొమ్మిది నెలల పసిపాపపై జరిగిన ఘోరాన్ని మనం ఇంకా మరచిపోలేదు. ఆగస్టు 8న వరంగల్ కోర్టు ముద్దాయికి ఉరిశిక్ష వేసింది. రెండు నెలలు తిరగకుండానే తీర్పు వచ్చిందని అందరం అనుకున్నాం. అదే ఏడాది నవంబరులో తెలంగాణ హైకోర్టు ఆ శిక్షను చనిపోయేవరకు జైలుగా మార్చింది. “పై కోర్టు మార్చేస్తే కింది కోర్టు తీర్పుకి విలువేముంది?” అని చాలామంది అడిగారు. ఇది మనందరం తెలుసుకోవలసిన ప్రశ్న. ఎందుకంటే ఇలాంటి కేసుల్లో తీర్పుతోనే అంతా అయిపోయిందనుకున్న కుటుంబం, అప్పీలు అనే మాట వినగానే బెదిరిపోతుంది.

ముందుగా ఒక సంగతి. వరంగల్ కేసులో నేరం జరగలేదని హైకోర్టు అనలేదు. నేరం రుజువైందన్న తీర్పు అలాగే నిలిచింది. మారింది శిక్ష మాత్రమే. సెషన్స్ కోర్టు వేసిన ఏ ఉరిశిక్షనైనా హైకోర్టు ఖాయం చేయాల్సిందే. అప్పటిదాకా దాన్ని అమలు చేయరు.

అప్పీలు అంటే కేసు మళ్ళీ మొదటినుంచి నడపడం కాదు. కింది కోర్టులో నమోదైన సాక్ష్యాలు, డాక్టరు రిపోర్టు, తీర్పు అన్నీ కలిపి రికార్డు అంటారు. పై కోర్టుకు వెళ్ళేది ఆ రికార్డు. ఇరువైపుల లాయర్లు దాని మీదే వాదిస్తారు. మామూలుగా పిల్లను మళ్ళీ బోను ఎక్కించరు. అరుదుగా తప్ప కొత్త సాక్ష్యం తీసుకోరు. కాబట్టి మొదటిరోజు పిల్ల చెప్పిన మాటను ఉన్నదున్నట్టు రాయడమే ముఖ్యం. ఏళ్ళ తర్వాత జడ్జీలు చదివేది ఆ కాగితాన్నే. పెద్దవాళ్ళు జాలితో రెండు మాటలు కలిపినా, సిగ్గుతో రెండు మాటలు దాచినా, అప్పీలులో ముద్దాయి లాయరు పట్టుకునేది అక్కడే.

2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టం ఇందుకే కొన్ని ఏర్పాట్లు చేసింది. పోలీసులు యూనిఫాంలో కాకుండా వచ్చి, పిల్లలున్న చోటే వాంగ్మూలం తీసుకోవాలి. కోర్టులో ముద్దాయి పిల్లకు ఎదురుపడకూడదు. పేరు, ఊరు, బడి బయటపెట్టకూడదు. బాధితులు అప్పీలు వేసినా తమ వివరాలు వెల్లడించనక్కర్లేదని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో చెప్పింది.

అప్పీలు ముద్దాయి సొత్తు అనుకోవడం కూడా పొరపాటే. నాగపూర్ కేసు చూడండి. 12 ఏళ్ళ బాలికను దురుద్దేశంతో తాకిన వ్యక్తికి కింది కోర్టు పోక్సో కింద మూడేళ్ళ శిక్ష వేసింది. బట్టల మీదనుంచి తాకితే అది ఆ నేరం కిందికి రాదని 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి శిక్ష తగ్గించింది. దాని మీద అటార్నీ జనరలే సుప్రీంకోర్టుకు వెళ్ళారు. చట్టం చూసేది ఉద్దేశాన్ని గాని బట్టను కాదని 2021 నవంబరు 18న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసి, మూడేళ్ళ శిక్షను నిలబెట్టింది. పిల్లలకు న్యాయం దక్కింది అప్పీలులోనే.

బాధితులు కూడా స్వయంగా అప్పీలు వేయవచ్చు. ఈ హక్కు 2009 డిసెంబరు 31 నుంచి ఉంది. 2024 జూలైలో వచ్చిన కొత్త చట్టంలోనూ కొనసాగింది. ముద్దాయిని విడిచిపెట్టినా, చిన్న నేరంగా తేల్చినా, పరిహారం చాలకపోయినా వేయవచ్చు. శిక్ష చాలలేదని మాత్రం ప్రభుత్వమే అడగాలి.

అప్పీలు నడుస్తుండగా ముద్దాయి బెయిలు మీద వీధిలో కనిపించవచ్చు. అంతమాత్రాన నిర్దోషి అయిపోయినట్టు కాదు. బెదిరిస్తే వెంటనే పోలీసులకు చెప్పాలి. బెయిలు రద్దు కోరవచ్చు.

మన వన్ టౌన్ నుంచి చూస్తే ఇంకో కష్టం ఉంది. 2018 ఆఖరు వరకు హైకోర్టు అంటే హైదరాబాదు రైలెక్కడమే. 2019 జనవరి 1 నుంచి మన హైకోర్టు వేరైంది. ఇప్పుడు అమరావతి వెళ్ళాలి. హార్బరులో కూలికి వెళ్ళే తండ్రికి అది కూడా దూరమే, లాయరు ఫీజు ఇంకా దూరం. కాని పిల్లలకు, స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరును ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోంది. అది హైకోర్టు అప్పీలుకూ వర్తిస్తుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఒక కాగితం పెడితే చాలు. ఫోను నంబరు 15100.

ఇక మన హాస్టల్ మాట. తెలిసి చెప్పకపోవడం పెద్దవాళ్ళకు నేరం. వార్డెనైనా, ట్యూటరైనా, వంటమనిషైనా సరే. హాస్టల్ పరువు పోతుందని ఎవరూ దాచకూడదు. సిబ్బందే తప్పు చేస్తే శిక్ష ఇంకా ఎక్కువ. చెప్పలేకపోయిన పిల్లలకు మాత్రం ఏ శిక్షా లేదు. కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఆలస్యమైందని భయపడి ఆగిపోకండి. 1098కి ఎప్పుడైనా ఫోను చేయవచ్చు.

పాత విద్యార్థులమైన మనం చేయగలిగింది ఒకటుంది. అలాంటి కుటుంబం మన వీధిలో ఉంటే తీర్పు రోజున పలకరించి వదిలేయకూడదు. అప్పీలు తేలేవరకు వెంట ఉండాలి. మొదటి మాట చెప్పిన పిల్లకు, చివరి తీర్పు వరకు తోడు కావాలి.