స్మృతి చేసిన చౌర్యము

ఒకరి పద్యమును మరియొకరు తమదని చదివినచో దానిని గ్రంథచౌర్యమందురు. దొంగకు తన పని తెలిసియే యుండును. కాని, తాను అపహరించితినని తానే ఎరుగని దొంగ యుండునా? 1976లో న్యూయార్కు న్యాయస్థానమొకటి ఈ విచిత్రమైన ప్రశ్నకు సమాధానము చెప్పవలసి వచ్చినది.

ప్రతివాది సామాన్యుడు కాడు. బీటిల్స్ బృందమున ప్రసిద్ధుడై, పండిత రవిశంకర్ వద్ద సితార్ అభ్యసించిన ఆంగ్లేయుడు జార్జి హారిసన్. 1970లో వెలువడిన ఆయన 'మై స్వీట్ లార్డ్' అను భక్తిగీతమున 'హరే కృష్ణ' నామసంకీర్తనము సైతము కలదు. ఆ గీతము దేశదేశముల మారుమ్రోగినది. అయితే రోనాల్డ్ మాక్ కూర్చగా షిఫాన్స్ అను గాయనీబృందము పాడిన 'హీ ఈజ్ సో ఫైన్' 1963లోనే అమెరికాలో అగ్రస్థానము నందియుండెను. మాక్ గతించినాడు, ఆ పాటపై హక్కులు గల సంస్థ 1971లో వ్యాజ్యము వేసినది.

న్యాయమూర్తి రిచర్డ్ ఓవెన్ స్వయముగా సంగీతకర్త. ఆయన రెండు పాటలను స్వరస్వరముగా పోల్చి చూచినాడు. మన పరిభాషలో చెప్పవలెనన్న, 'ప గ రి' అను చిన్న ఖండము నాలుగుసార్లు. పిదప 'ప ధ స ధ స' అను ఖండము పాత పాటలో నాలుగుసార్లు, కొత్తదానిలో మూడుసార్లు. అలంకారముగా చేరిన ఒక చిన్న స్వరము సైతము రెండింటను ఒకే చోట పడినది. విడివిడిగా ఈ ఖండములు ఎవరి సొత్తును కావు. ఒకే రాగమున త్యాగరాజస్వామి ఎన్ని కృతులు రచింపలేదు? రాగము అందరిది, అందు కట్టిన వరుస మాత్రము కర్తది. ఆ రెండు ఖండముల కూర్పే అపూర్వమని న్యాయమూర్తి తలచినాడు.

హారిసన్ బుద్ధిపూర్వకముగా అనుకరించెనని తీర్పు చెప్పలేదు. ఎన్నడో విన్న పాట అంతరంగమున దాగి, స్వీయసృష్టి యన్న భ్రాంతితో వెలువడినదని భావించినది. అయినను, తెలియక చేసినంత మాత్రమున హక్కునకు భంగము కలుగకపోదని నిర్ణయించినది.

కథ అంతటితో ముగియలేదు. వ్యాజ్యము మొదలైనప్పుడు హారిసన్ వ్యవహారములను చూచుచుండిన ఆలెన్ క్లైన్, 1978లో ఆ పాత పాట హక్కులను తానే 5,87,000 డాలర్లకు కొనినాడు! పరిహారము సుమారు 16 లక్షల డాలర్లని లెక్క తేలినను, క్లైన్ ప్రవర్తన ధర్మము కాదని ఎంచి, 1981లో న్యాయస్థానము ఆయన పెట్టిన సొమ్మును మాత్రమే ఇప్పించినది. తెలియక తప్పినవాడు మూల్యము చెల్లించినాడు. తెలిసి ఎత్తు వేసినవానికి లాభము దక్కలేదు.

విన్నది మనసున నాటుకొనుటయే విద్యకు మూలము. గురువు నేర్పిన స్వరము శిష్యుని కంఠమున పలుకక మానదు. అయినను, కొత్త వరుస యేదైనను అతి సులభముగా నోటికి వచ్చినప్పుడు, 'దీనిని మునుపెక్కడ వింటిని?' అని ఒక్కసారి ప్రశ్నించుకొనుట విద్యార్థికి వినయము, కళాకారునికి ధర్మము.