అసెంబ్లరు చూపు తప్పు - అసలు తప్పు

మూవ్, యాడ్ వంటి సంకేతములతో వ్రాసిన ప్రోగ్రామును కంప్యూటరునకు తెలియు యంత్రభాషలోనికి మార్చు సాధనమే అసెంబ్లరు. తన నియమములకు విరుద్ధమైనది కనబడినచో అది ఒక దోషసందేశము నిచ్చును. ఆ సందేశము అబద్ధము కాదు. కాని అసలు దోషమును అదే చెప్పుచున్నదనుకొనుట పొరపాటు. జ్వరమును చూపు థర్మామీటరు రోగమేదో చెప్పజాలదు గదా!

అసెంబ్లరు సామాన్యముగా ప్రోగ్రామును రెండుసార్లు చదువును. మొదటిసారి అందలి పేర్లను, వాటి చిరునామాలను ఒక పట్టికలో చేర్చుకొనును. రెండవసారి ఆ పట్టిక సాయముతో ఒక్కొక్క పంక్తిని యంత్రభాషలోనికి మార్చును. ప్రోగ్రాము వ్రాసినవాని ఉద్దేశము దానికి తెలియదు. తనకు ఎచ్చట అడ్డు తగిలినదో ఆ చోటును మాత్రమే చూపగలదు.

1978లో ఇంటెల్ కంపెనీ వెలువరించిన 8086 ప్రాసెసరును ఉదాహరణముగా తీసికొందము. ఏఎల్ అను రిజిస్టరులో 255 ఉంచవలెను. పదహారు ఆధారముగా గల సంఖ్యామానములో 255ను ఎఫ్ఎఫ్ అని వ్రాయుదురు. చివర చేర్చు హెచ్ అను అక్షరము ఆ మానమునకు గుర్తు. విద్యార్థి "మూవ్ ఏఎల్, ఎఫ్ఎఫ్‌హెచ్" అని వ్రాసెను. మాస్మ్ వంటి అసెంబ్లరు "ఈ పేరు నిర్వచింపబడలేదు" అను అర్థము వచ్చు సందేశము నిచ్చును. వ్రాసినది సంఖ్య గదా, పేరెక్కడిది? అంకెతో మొదలైనదే సంఖ్య, అక్షరముతో మొదలైనది పేరు అని అసెంబ్లరు నియమము. ముందొక సున్న చేర్చి "0ఎఫ్ఎఫ్‌హెచ్" అని వ్రాసిన చాలును.

విద్యార్థి సందేశమును అక్షరాలా నమ్మి, ఎఫ్ఎఫ్‌హెచ్ అను పేరుతో మెమరీలో ఒక బైటు కేటాయించెననుకొనుడు. సందేశము మాయమగును. కాని ఏఎల్ లోనికి 255కు బదులు ఆ బైటులోని విలువ వచ్చును. దోషము తొలగలేదు, దాగినది! ఇంకొక చిక్కు చూడుడు. 11 ఉంచదలచి, సున్న మరచి "బీహెచ్" అని వ్రాసినచో ఏ సందేశమును రాదు. ఏలనన బీహెచ్ అను రిజిస్టరే కలదు. దాని విలువ ఏఎల్ లోనికి చేరును.

చోటు విషయములోను ఇట్టి భ్రాంతి కలుగును. 8086లో షరతుతో కూడిన జంప్ ఆజ్ఞ, తన తరువాతి ఆజ్ఞ మొదలు ముందునకు 127, వెనుకకు 128 బైట్లకు మించి దూకలేదు. నిన్నటివరకు సరిగానున్న జంప్ పంక్తిని నేడు అసెంబ్లరు "దూరము మించినది" అని తప్పుపట్టవచ్చును. ఆ పంక్తిని ఎవరును ముట్టలేదు. నడుమ క్రొత్తగా చేర్చిన ఆజ్ఞలే కారణము.

కనుక విద్యార్థులు మూడు సంగతులు గుర్తుంచుకొనవలెను. మొదటి సందేశమును మొదట సరిచేయవలెను. ఒక నిర్వచనములోని తప్పు వలన ఆ పేరు వాడిన ప్రతి పంక్తియు తప్పుగా కనబడవచ్చును. చివరిసారి సరిగా పనిచేసిన తరువాత ఏమి మార్చితిమో చూడవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, "నేనేమి వ్రాయదలచితిని?" అని గాక, "అసెంబ్లరు దీనిని ఏమని చదివినది?" అని ప్రశ్నించుకొనవలెను. ఆ ప్రశ్నకు జవాబు దొరికినచో దోషము దొరికినట్లే.