పావగడ పెళ్లికి మంచిరోజు

ఈమధ్య మన ఇళ్లలో కూడా ‘డెస్టినేషన్ వెడ్డింగ్’ అన్న మాట వినిపిస్తోంది. అటు వారి ఊరూ ఇటు వీరి ఊరూ కాకుండా, అందరూ బయల్దేరి మరో చోటికి వెళ్లి చేసే పెళ్లి అన్నమాట. 2024 మొదట్లో మా అమ్మాయి పెళ్లి కుదిరినప్పుడు మా ఇంట్లోనూ ఇదే చర్చ. వియ్యాలవారిది విశాఖపట్నం. ఉద్యోగరీత్యా మేము బెంగళూరు. పిల్లలిద్దరూ అమెరికాలో. గోవా అన్నారు, ఉదయపూర్ అన్నారు. చివరికి అమ్మాయే తేల్చేసింది: “ఎలాగూ అందరూ ప్రయాణం చేయాల్సిందే కదా నాన్నా, అవ్వ ఊరికే పోదాం.”

అవ్వ ఊరంటే మా పావగడ. తుమకూరు జిల్లాలో ఉన్నా మూడు వైపులా ఆంధ్రప్రదేశే. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. మా అమ్మకు ఎనభైనాలుగేళ్లు. బెంగళూరుకు తీసుకెళ్దామంటే నూట యాభై కిలోమీటర్లు కారులో కూర్చోలేదు. “నన్నంటే మోసుకుపోతారు గానీ నాయనా, ఈ వీధిని మోసుకుపోగలరా?” అంది. ఆ వీధిలోనే ఆమె అరవై ఏళ్లుగా కాపురం ఉంది.

ఊరు అలా కుదిరింది. రోజు కుదరడానికి మాత్రం రెండు నెలలు పట్టింది.

ఫాల్గుణంలో చేద్దామంటే నాకు మార్చి 31 లెక్కల ముగింపు. బ్యాంకు ఉద్యోగి ఇంట ఆ నెలలో పెళ్లి అంటే పెళ్లికూతురి తండ్రి లేని పెళ్లే! ఉగాది ఏప్రిల్ 9న. ఆ తర్వాత చూద్దామంటే ఎన్నికలు. పావగడ చిత్రదుర్గ లోక్‌సభ నియోజకవర్గంలోది, అక్కడ పోలింగు ఏప్రిల్ 26న. సరిహద్దు అవతల ఆంధ్రలో మే 13న. మార్చి 16 నుంచి జూన్ 6 దాకా ఎన్నికల నియమావళి. యాభై వేలకు మించి నగదు తీసుకెళ్తే కాగితాలు చూపించాలి. మా ఊరినుంచి ఎటు కదిలినా చాలా దారుల్లో రాష్ట్రం దాటాల్సిందే. నగలూ నగదూ పట్టుకుని చెక్‌పోస్టుల్లో సంజాయిషీలు చెప్పుకునే ఓపిక ఎవరికుంది?

మే నెల పెళ్లిళ్ల కాలమే గాని ఆ ఏడు ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ ఆఖరు దాకా శుక్ర మౌఢ్యం. మధ్యలో గురు మౌఢ్యం కూడా వచ్చింది. గ్రహం సూర్యుడికి మరీ దగ్గరగా వచ్చి కంటికి కనబడకుండా పోవడమే మౌఢ్యం. గురుడూ శుక్రుడూ కనబడని రోజుల్లో పెళ్లి చేయరు. అది ముగిసేసరికి ఆషాఢం. ఆషాఢం అశుభమని పెద్దలు ఎందుకన్నారో గాని, మా తాలూకాలో అది వానకోసం ఆకాశం చూసే కాలం. జూన్, జులైలలో ఒక్క పదును పడిందంటే శెనక్కాయ విత్తనానికి ఇంటిల్లిపాదీ చేలోనే. తిరుమణి వైపు సోలార్ పార్కుకు భూములు కౌలుకిచ్చిన చుట్టాలకు ఈ తొందర లేదు. మిగతా వాళ్లను ఆ రోజుల్లో పెళ్లికి పిలవడం వాళ్లను ఇరకాటంలో పెట్టడమే.

ఇక మిగిలింది శ్రావణం, లేదా కార్తీకం.

పిల్లలు ఆగస్టు 17 శనివారం బాగుందన్నారు. 15న స్వాతంత్ర్య దినం, 16న వరలక్ష్మీ వ్రతం, 18 ఆదివారం. సెలవులన్నీ కలిసొస్తాయి. వియ్యంకుడుగారూ ఫోనులో, “బావగారూ, ఇంతకన్నా మంచిరోజు దొరకదు” అన్నారు. పావగడ శనిమహాత్ముని గుడి గురించి ఆయనకు తెలియదు. మామూలు శనివారాలకే జనం కిక్కిరిసి ఉంటారు, శ్రావణ శనివారాల సంగతి చెప్పనక్కరలేదు. లాడ్జీలో గది దొరకదు, బస్సులో చోటు దొరకదు. వరలక్ష్మీ వ్రతం ముందు పూల ధరలు ఎలా ఉంటాయో ఆడవాళ్లకు చెప్పాలా? చివరికి తరువాతి గురువారం, ఆగస్టు 22 ఖాయం చేశాం.

ఇంతలో మరో చిక్కు. విశాఖలో వారి పురోహితులు పెట్టిన లగ్నం ఒక సమయం, మా ఊరి శాస్త్రులవారు కన్నడ పంచాంగం చూసి చెప్పింది మరో సమయం. రెండూ చాంద్రమానమే, రెండూ ఉగాదితో మొదలయ్యేవే, మాసాలూ ఒకటే. మరి తేడా ఎందుకు? శాస్త్రులవారు నవ్వి, “లగ్నమంటే ఆ చోట తూర్పున ఉదయించే రాశి. పెళ్లి ఎక్కడో లెక్క అక్కడికి కట్టాలి” అన్నారు. విశాఖ రేఖాంశం సుమారు 83 డిగ్రీలు, పావగడది 77. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున ఇరవైనాలుగు నిమిషాలు. అక్కడ ముందు ఉదయించే రాశి ఇక్కడ అంత ఆలస్యంగా ఉదయిస్తుంది. పరాయి ఊళ్లో పెళ్లి పెట్టుకునేవారు ఈ సంగతి తప్పక గుర్తుంచుకోవాలి. ఇంటి గోడకున్న క్యాలెండరు చూసి శుభలేఖలు అచ్చు వేయించకండి.

ఇప్పుడొక నిజం చెప్పుకోవాలి. ఇన్ని లెక్కలు వేసిన నేను లోలోపల కార్తీకానికే మొగ్గాను. కారణం భక్తి కాదు. పెళ్లికని దాచిన ఫిక్సెడ్ డిపాజిట్టు అక్టోబరులో గడువు తీరుతుంది. ముందు తీస్తే ఒక శాతం వడ్డీ కోత. “మూడు నెలలేగా, ఆగుదాం” అన్నాను. నా భార్య ఒకే మాట అంది: “మీ డిపాజిట్టుకు గడువు రాసి ఉంది. అత్తమ్మకు రాసి ఉందా?” మర్నాడే డిపాజిట్టు రద్దు చేశాను.

పెళ్లిలో అమ్మ కుర్చీలోనే కూర్చుంది. వీధివీధంతా వచ్చి ఆమెను పలకరించింది. మనవరాలి తలపై అక్షింతలు వేస్తూ మనవడి పేరు అడిగి మరీ దీవించింది. ఆ ఏడు దీపావళి వెళ్లిన నాలుగు రోజులకు పెరట్లో జారిపడింది. అప్పటినుంచి మంచం దిగలేదు. ఇప్పుడు మమ్మల్ని ఒక రోజు గుర్తుపడుతుంది, ఒక రోజు పట్టదు. కార్తీక ముహూర్తం పెట్టుకుని ఉంటే ఆ దీవెన మా అమ్మాయికి దక్కేది కాదు.

పంచాంగం మంచిరోజులు ఒకటికి నాలుగు చూపిస్తుంది. వాటిలో ఏది మనదో మనమే తేల్చుకోవాలి. పెళ్లి తలపెట్టినవారు పురోహితుడి దగ్గరకు వెళ్లేముందే ఒక కాగితంపై, ఎవరు రాకపోతే ఆ పెళ్లి పెళ్లి కాదో వాళ్ల పేర్లు రాసుకోండి. రెండు మూడు పేర్లకు మించి ఉండవు. వాళ్లు రాగలిగే రోజులు ముందు చూసి, ఆ రోజుల్లో ముహూర్తం అడగండి.

ఒక శాతం వడ్డీ పోయింది. ముప్ఫై ఏళ్ల బ్యాంకు ఉద్యోగంలో ఇంత లాభసాటి నష్టం నేను చూడలేదు.