తూకంలో తేడా రాకూడదు... మరి జీతంలో?

విజయనగరం గంటస్తంభం దగ్గరైనా, శ్రీకాకుళం జి.టి. రోడ్డులోనైనా రంజాన్ చివరి పది రోజుల్లో ఏ పెద్ద దుకాణంలోకైనా వెళ్లి చూడండి. సరుకుల అరల దగ్గర ఒకమ్మాయి, బట్టల దగ్గర ఇంకొకమ్మాయి, బిల్లు కౌంటరులో ఒక కుర్రాడు. పొద్దున షట్టరు ఎత్తినప్పుడు నిలబడినవారు, మనం పండుగ సరుకులకు వెళ్లే వేళకూ నిలబడే ఉంటారు. ‘ఆ పై డబ్బా తియ్యమ్మా’ అంటే నవ్వుతూనే తీస్తారు. వారిలో మన వీధి పిల్లలూ ఉన్నారు, మన ఇంటి పిల్లలూ ఉన్నారు.

సూపర్ మార్కెట్‌లో గ్రాము తేడా వస్తే కొనేవాడు ఊరుకోడు. మరి ఆ తూకం వేసే చేతికి అందే జీతం సరిగ్గా ఉందో లేదో ఎవరు చూస్తున్నారు?

జీతం అంటే నెలాఖరున చేతిలో పడే నోట్లే అనుకుంటాం. అది సగం మాటే. ఇరవై మంది, అంతకుమించి పనిచేసే దుకాణంలో భవిష్యనిధి ఉండాలి. ఉద్యోగి జీతంలో 12 శాతం కోస్తే, యజమాని మరో 12 శాతం కలపాలి. జీతం 21,000 రూపాయల లోపు ఉంటే ఇ.ఎస్.ఐ. వర్తిస్తుంది. దానికి ఉద్యోగి 0.75 శాతం, యజమాని 3.25 శాతం కట్టాలి. జబ్బు చేస్తే వైద్యం, పనికి రాలేని రోజులకు కొంత భత్యం, ప్రసవానికి 26 వారాల వేతనం దాని ద్వారానే వస్తాయి. అయిదేళ్లు పనిచేసి మానేస్తే ఏడాదికి 15 రోజుల వేతనం లెక్కన గ్రాట్యుటీ ఇవ్వాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. మూలవేతనం, కరువు భత్యం కలిపి నెలకు 12,000 రూపాయలు అనుకోండి. యజమాని వాటాగా భవిష్యనిధి, పింఛను ఖాతాలకు 1,440, ఇ.ఎస్.ఐ.కి 390, మొత్తం 1,830 రూపాయలు కట్టాలి. పదేళ్లకు 2,19,600. గ్రాట్యుటీ మరో 69,230. ఆ అమ్మాయి పేరు రిజిస్టరులో లేకపోతే, పదేళ్లలో దాదాపు 2 లక్షల 89 వేల రూపాయల మేర ఆమెకు రావలసినది రాకుండా పోతుంది. ఒక చెల్లెలి పెళ్లి, ఒక తమ్ముడి చదువు అందులోనే ఉన్నాయి.

లెక్క తేలని సరుకు విలువను సిబ్బంది జీతంలో కోయడం మరో బాధ. తన అధీనంలో ఉంచిన సరుకు తన నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలితే తప్ప, అదీ ఉద్యోగి సంజాయిషీ విన్న తర్వాత తప్ప, కోత చెల్లదని చట్టం అంటోంది. వారానికి 48 గంటలు మించితే అదనపు పనికి రెట్టింపు వేతనం ఇవ్వాలి. పండుగ సీజనులో ఇది ఎందరికి దక్కుతోంది?

అడగరేమని అనవచ్చు. నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికులకు ఒక గేటు ఉండేది. వందల మంది అక్కడ ఒక్కటిగా నిలబడగలిగేవారు. అయినా 1994 జనవరిలో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. దుకాణంలో పదిపదిహేను మంది పిల్లలు, ఒక్కొక్కరు ఒక్కో అర దగ్గర. నోరు విప్పినవారిని రేపు రావద్దంటే చాలు.

కానీ చిన్న చేతులు కలిసినా ఫలితం ఉంటుంది. కేరళలోని కోజికోడ్ మిఠాయి వీధిలో దుకాణాల మహిళలు కూర్చునే హక్కు కోసం పి. విజి నాయకత్వాన ఏళ్ల తరబడి పోరాడారు. 2018లో ఆ రాష్ట్రం చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు అదే బాట పట్టింది. ఒక ముక్కాలి పీట కోసం ఇంత పోరాటం అవసరమైందంటే మనం సిగ్గుపడాలి.

దివ్య ఖురాన్‌లో ‘ముతఫ్ఫిఫీన్’ అనే అధ్యాయం ఉంది. తమకు రావలసింది నిండుగా కొలిపించుకుని, ఇతరులకు ఇవ్వవలసింది తగ్గించేవారిని అది హెచ్చరిస్తుంది. పన్నెండు గంటల పని నిండుగా తీసుకుని వేతనం తగ్గించి ఇస్తే, అదీ తూకంలో మోసమే కదా! కూలివాని కష్టార్జితాన్ని ఆలస్యం చేయరాదని దైవప్రవక్త (స) బోధించిన సంగతి మనకు తెలియనిది కాదు.

పనిచేసే పిల్లలు నియామక పత్రం అడగాలి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు ప్రతి ఉద్యోగికీ దాన్ని ఇవ్వాలంటున్నాయి. హాజరు, జీతం అందిన తేదీలు ఇంట్లో ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. అన్యాయం జరిగితే నలుగురూ కలిసి జిల్లా కేంద్రంలోని కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లాలి. ఒక్కరే వెళ్లకండి.

దుకాణాలు నడిపే మన సోదరులు తమ రిజిస్టరు తామే ఒకసారి తెరిచి చూసుకోవాలి. కొనే మనం రాత్రి పొద్దుపోయాక ఆఖరి గిరాకీగా వెళ్లకుండా పగలే పని ముగించుకోవచ్చు. ఆ అమ్మాయి కూడా ఇంటికి వెళ్లి పండుగ చేసుకోవాలి కదా!