నీళ్ళు కిందికి, కబురు పైకి

మినీ ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే జూనియర్ల నుంచి నాకు తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. "అక్కా, ఈ కాంపోనెంట్‌లో ఉన్న డేటా ఆ కాంపోనెంట్‌లో కావాలి. ఎట్లా పంపాలి?" నిజానికి వాళ్ళ దగ్గర జవాబులకేం కొదవ ఉండదు. యూట్యూబ్‌లో ఒకాయన ప్రాప్స్ అంటాడు, ఇంకొకాయన కాంటెక్స్ట్ అంటాడు, మూడో ఆయన రిడక్స్ లేనిదే పని జరగదంటాడు. ఇన్ని దారులు చూశాక ఏ దారిన పోవాలో తెలియదు.

నేను మాత్రం ఒక ఎదురు ప్రశ్న వేస్తాను. "ఆ డేటా ఎవరిది?" దీనికి జవాబు దొరికితే, ఎట్లా పంపాలన్నది చాలావరకు దానంతట అదే తేలిపోతుంది. ఈ వ్యాసమంతా ఆ ఒక్క ప్రశ్న గురించే. రియాక్ట్ మాటల్లో చెబుతున్నాను గానీ వ్యూ, యాంగ్యులర్ నేర్చుకునే వాళ్ళకు కూడా అసలు సంగతి ఇదే.

మాది యర్రగొండపాలెం. ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. ఎండాకాలంలో మా వైపు చాలా పల్లెల్లో బోర్లు ఎండిపోతాయి. ట్యాంకర్ వస్తేనే నీళ్ళు. ఒక పంచాయతీ కోసం ట్యాంకర్ల వెబ్ పేజీ తయారు చేస్తున్నాం అనుకుందాం.

పేజీని ముక్కలు చేద్దాం

పేజీలో పైన ఒక పట్టీ ఉంటుంది. "ఈరోజు ఇంకా రావాల్సిన ట్రిప్పులు: 5" అని చూపిస్తుంది. దాని కింద జాబితా. పై బజారు, కింద బజారు, కాలనీ, ఒక్కోదానికి ఒక్కో కార్డు. ఎన్ని ట్రిప్పులు రావాలో, ఎన్ని వచ్చాయో ఆ కార్డులో ఉంటుంది. కార్డు లోపల "నీళ్ళు దించాం" అనే బటన్. దాన్ని డ్రైవర్ నొక్కుతాడు.

పట్టీ, జాబితా, కార్డు, బటన్, ఇవన్నీ వేర్వేరు కాంపోనెంట్లు. వీటన్నిటినీ తనలో పెట్టుకున్న పేజీ కూడా ఒక కాంపోనెంటే. అది తల్లి. పట్టీ, జాబితా దాని పిల్లలు. కార్డు జాబితాకు బిడ్డ, బటన్ కార్డుకు బిడ్డ.

వాలు ఎటుంటే అటే

మా ప్రాంతం వాళ్ళు ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నది పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం ఒడ్డున కొల్లంవాగు దగ్గర కృష్ణా నీళ్ళు తీసుకుని, నల్లమల కొండల అడుగున 18 కిలోమీటర్లకు పైగా పొడవున్న రెండు సొరంగాల గుండా దోర్నాల వైపుకి తేవాలన్నది పథకం. అక్కణ్ణుంచి నీళ్ళు నల్లమల సాగర్‌లోకి పోవాలి. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల అనే మూడు చోట్ల కొండల మధ్య ఖాళీలకు కట్టలు కట్టి చేసిన జలాశయం అది. సామర్థ్యం 53.85 టీఎంసీలు. దాని కింద కాలువలు, కాలువల కింద చేలు. 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేశారు గానీ అప్పటికింకా కాలువల్లోకి నీళ్ళు రాలేదు.

ఈ పటాన్ని ఒకసారి మనసులో గీసుకోండి. నీళ్ళు పైనుంచి కిందికే వస్తాయి. చివరి చేను రైతు కాలువలోంచి నీళ్ళు వెనక్కి తోయలేడు. "మాకు అందలేదు" అని పైకి కబురు పంపగలడు. తూము ఎత్తాలో దించాలో పైనున్నవాళ్ళు చూసుకుంటారు.

రియాక్ట్ పద్ధతి కూడా ఇదే. తల్లి నుంచి బిడ్డకు వచ్చే డేటాను ప్రాప్స్ అంటారు. అవి కిందికి వచ్చే నీళ్ళు. బిడ్డ వాటిని చదవొచ్చు గానీ మార్చకూడదు. మార్పు కావాలంటే తల్లి తనకిచ్చిన ఒక ఫంక్షన్‌ని పిలవాలి. దీన్ని కాల్‌బ్యాక్ అంటాం. పైకి పోయే కబురు అదే. డ్రైవర్ బటన్ నొక్కగానే బటన్ లెక్క మార్చదు, "కాలనీలో ఒక ట్రిప్పు దిగింది" అని మాత్రం చెబుతుంది. పేజీ తన లెక్క మార్చుకుని కొత్త ప్రాప్స్ కిందికి వదులుతుంది. వ్యూలో ఈ కబురును ఎమిట్ అంటారు, యాంగ్యులర్‌లో అవుట్‌పుట్ అంటారు. పేర్లే తేడా.

ఒక లెక్క, రెండు పుస్తకాలు

అసలు తంటా ఇక్కడ మొదలవుతుంది. పట్టీకి ట్రిప్పుల లెక్క కావాలి, కార్డుకీ కావాలి. పట్టీ తన స్టేట్‌లో ఒక సంఖ్య పెట్టుకుంది, కార్డులు తమ స్టేట్‌లో తమ సంఖ్యలు పెట్టుకున్నాయి. బటన్ నొక్కినప్పుడు కార్డు మారింది, పట్టీ మారలేదు. కింద చూస్తే అన్ని ట్రిప్పులూ వచ్చేశాయి, పైన చూస్తే ఇంకా ఒకటి రావాలి. ఆ పైనున్న ఒకటిని నమ్మి ఒకామె కూలికి పోకుండా బిందెలు వరసలో పెట్టుకుని కూర్చుంటుంది. మనకు అది బగ్. ఆమెకు ఒక రోజు కూలి.

ఇట్లాంటిది పెద్ద కంపెనీలకు కూడా తప్పలేదు. ఫేస్‌బుక్‌లో చదవని మెసేజీల సంఖ్య తప్పు చూపించేది. ఎర్రటి 1 కనిపిస్తుంది, తెరిచి చూస్తే కొత్త మెసేజీ ఉండదు. సరిచేసిన కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చేది. అదే చాట్ సమాచారం తెరమీద చాలా చోట్ల వాడుతూ, చాలా చోట్ల నుంచి మారుస్తుండటమే దానికి మూలం. 2014 ఎఫ్8 సభలో ఆ సంస్థ ఇంజినీర్లు ఈ ఉదాహరణతోనే ఫ్లక్స్ అనే పద్ధతిని వివరించారు. డేటా ఒకే దిక్కుకు పారాలి, మార్పు ఒకే చోట జరగాలి అన్నది దాని సారం.

మన పేజీకి అంత పెద్ద మందు అవసరం లేదు. పట్టీకీ జాబితాకీ ఉమ్మడిగా, వాటికి అతి దగ్గరగా ఉన్న తల్లి ఎవరు? పేజీ. లెక్క అక్కడే పెట్టాలి. దీన్నే స్టేట్‌ని పైకి జరపడం అంటారు. కార్డుకి దాని వాటా, పట్టీకి దాని మొత్తం, రెండూ ఒకే పుస్తకం లోంచి పోతాయి. మరీ పైకి జరపడం కూడా మంచిది కాదు. కార్డులో వివరాలు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా అన్నది ఆ కార్డు సొంత సంగతి. దానికి పేజీతో పని లేదు.

ఇక్కడ మూడు చోట్ల జాగ్రత్త పడాలి.

ఒకటి, లెక్కగట్టి తెచ్చుకోగలిగిన దాన్ని దాచుకోవద్దు. "మిగిలినవి 5" అన్నది విడిగా స్టేట్‌లో ఉండక్కర్లేదు. రావాల్సిన వాటిలోంచి వచ్చిన వాటిని తీసేస్తే అదే వస్తుంది.

రెండు, ప్రాప్‌ని తీసుకుని యూజ్‌స్టేట్‌లో పోసుకోవద్దు. యూజ్‌స్టేట్‌కి ఇచ్చిన విలువను రియాక్ట్ మొదటిసారి మాత్రమే చూస్తుంది. బిందెలో ఒకసారి పట్టుకున్న నీళ్ళ లాంటిదే. తరువాత కాలువలో ఏం మారినా బిందెలో మారదు.

మూడు, ఆబ్జెక్ట్‌నో అర్రేనో ప్రాప్‌గా పంపితే జావాస్క్రిప్ట్ నకలు పంపదు, అసలు దాని చిరునామానే పంపుతుంది. బిడ్డ లోపల దాన్ని దిద్దితే తల్లిది కూడా మారిపోతుంది. కానీ ఆ సంగతి రియాక్ట్‌కి తెలియదు కాబట్టి తెర మారకపోవచ్చు. అందుకే మార్పు తల్లి దగ్గరే, కొత్త ఆబ్జెక్ట్ తయారుచేసి జరగాలి.

బోరు వేయడం

ఇప్పుడు ఇంకో అవసరం. "నీళ్ళు దించాం" బటన్ డ్రైవర్‌కే కనిపించాలి, ఊళ్ళో వాళ్ళకు కాదు. ఎవరు లాగిన్ అయ్యారో పేజీకి తెలుసు. ఆ సంగతి పేజీ జాబితాకు ఇస్తే, జాబితా కార్డుకిస్తుంది, కార్డు బటన్‌కిస్తుంది. మధ్యలో జాబితాకూ కార్డుకూ దాంతో ఏ పనీ లేదు, ఊరికే మోస్తున్నాయి. దీని పేరు ప్రాప్ డ్రిల్లింగ్. డ్రిల్లింగ్ అనగానే మా ఊరివాళ్ళకు బోరు బండి గుర్తొస్తుంది. పోలిక బాగానే కుదిరింది, ఎన్ని పొరలు దాటితే అంత శ్రమ.

రెండు పొరలైతే మోయనివ్వండి, కొంపలేం మునగవు. డేటా ఎక్కణ్ణుంచి వచ్చిందో కోడ్ చదివేవాళ్ళకు సూటిగా కనిపిస్తుంది, అదీ లాభమే. పొరలు పెరిగితే ముందు చూడాల్సింది చిల్డ్రన్ ప్రాప్. బటన్‌ని పేజీలోనే తయారుచేసి, ఆ తయారైన బటన్‌నే కార్డు లోపల పెట్టేయొచ్చు. అప్పుడు లాగిన్ సంగతి కార్డుకి తెలియాల్సిన పనే ఉండదు. వ్యూలో దీన్ని స్లాట్ అంటారు.

అదీ కుదరకపోతే కాంటెక్స్ట్. ఇప్పుడు మనం వాడే కాంటెక్స్ట్ 2018 మార్చిలో రియాక్ట్ 16.3తో వచ్చింది. పేజీ ఒక విలువను పైన అందుబాటులో పెడుతుంది, కింద ఎంత లోతున ఉన్న కాంపోనెంటయినా నేరుగా అందుకుంటుంది. కానీ ఒకటి గుర్తుంచుకోండి. కాంటెక్స్ట్ గొట్టమే గానీ చెరువు కాదు. డేటా ఇప్పటికీ పేజీ స్టేట్‌లోనే ఉంది. పైగా ఆ విలువ మారిన ప్రతిసారీ దాన్ని చదివే కాంపోనెంట్లన్నీ మళ్ళీ రెండర్ అవుతాయి. భాష, లాగిన్, చీకటి రంగు థీమ్ లాంటి అరుదుగా మారేవాటికి ఇది బాగుంటుంది. క్షణక్షణం కదిలే ట్యాంకర్ లొకేషన్‌కి బాగుండదు.

ఒకే డేటాను చాలా కొమ్మలు చదువుతూ, చాలా కొమ్మలు మారుస్తున్నప్పుడు స్టోర్ పెట్టుకోవాలి. 2015లో డాన్ అబ్రమోవ్, ఆండ్రూ క్లార్క్ తెచ్చిన రిడక్స్ అట్లాంటిదే. వ్యూలో పీనియా ఉంది. స్టోర్ పెట్టినా క్రమశిక్షణ పాతదే. ఎవరు పడితే వాళ్ళు నేరుగా మార్చకూడదు, కబురు పంపాలి. ఒక ఫారంలో పేరు రాసే పెట్టెకి స్టోర్ పెట్టడమంటే చెంబు నీళ్ళ కోసం ట్యాంకర్ పిలిపించడమే.

మన ఫోన్‌లో ఉన్నది నకలే

ఇంతవరకూ పేజీయే యజమాని అన్నట్టు మాట్లాడుకున్నాం. కానీ డ్రైవర్ ఫోన్‌లో ఒక పేజీ తెరిచి ఉంటుంది, పంచాయతీ ఆఫీసులో ఒకటి, కాలనీలో ఇంకొకటి. ట్రిప్పుల లెక్కకు నిజమైన యజమాని సర్వర్‌లోని డేటాబేస్. మన పేజీలో ఉన్నది దాని నకలు. నకలు పాతబడుతుంది. అందుకే "ఉదయం 9:40 నాటి సమాచారం" అని వేళ కూడా చూపించడం మర్యాద. కొండ అంచు పల్లెల్లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటే అది మరీ అవసరం. బటన్ నొక్కగానే, సర్వర్ జవాబు రాకముందే "దిగింది" అని చూపించడం చూడ్డానికి చురుగ్గా ఉంటుంది. సర్వర్‌కి అందకపోతే దాన్ని వెనక్కి తీసుకునే దారి కూడా మనమే రాయాలి.

ఏ తేదీ జాబితా చూస్తున్నామన్నది మాత్రం యూఆర్‌ఎల్‌లో పెట్టడం మంచిది. ఆ లింకు వాట్సాప్‌లో పంపితే అవతలివాళ్ళకు కూడా అదే రోజు తెరుచుకుంటుంది.

కాబట్టి ఈసారి మీ ప్రాజెక్టులో కోడ్ మొదలుపెట్టే ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. కాంపోనెంట్లను పెట్టెలుగా గీయండి. ప్రతి డేటా ముక్క పేరునూ దాని యజమాని పెట్టెలో ఒక్కసారే రాయండి. కిందికి పోయేవాటికి నీలం గీత, పైకి వచ్చే కబుర్లకు ఎర్ర గీత. ఒకే పేరు రెండు పెట్టెల్లో కనిపిస్తే అక్కడే ఆగి, ఒకటి కొట్టేయండి. ఏది కొట్టేయాలో తేలకపోతే ఆ కాగితం పట్టుకుని రండి, కూర్చుని చూద్దాం.