స్కాన్ రిపోర్టులో ‘అట్రోఫీ’ అని ఉందా? కంగారు పడకండి

అబ్బా జొహర్ నమాజ్ చదివేసి, చదవలేదనుకుని మళ్లీ వజూకి లేస్తున్నారు. సింగరేణిలో రిటైరైన పెద్దలున్న గోదావరిఖని ఇళ్లల్లో ఇలాంటి మాట వినే ఉంటారు. డాక్టర్ ఎమ్మారై రాస్తారు. రిపోర్టులో ‘వయసు రీత్యా సెరిబ్రల్ అట్రోఫీ’ అని వస్తుంది. అంటే మెదడు కుంచించుకుపోవడం. ఇక ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

నిజానికి వయసుతో మెదడు అందరికీ తగ్గుతుంది. 40 దాటాక పదేళ్లకు దాదాపు 5 శాతం, 70 తర్వాత ఇంకాస్త వేగంగా.

ఎమ్మారై అయస్కాంతంతో పనిచేస్తుంది, ఎక్స్‌రే కిరణాలు ఉండవు. అందులో డాక్టర్లు ముఖ్యంగా చూసేది జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌ని. అది ఎంత తగ్గిందో చూసి 0 నుంచి 4 వరకు స్కోరు వేస్తారు. ఈ పరీక్షలో మార్కులు తక్కువొస్తేనే మంచిది! 75 లోపు వాళ్లకు 2 వస్తే అనుమానించాలి. 75 దాటితే అదే 2 మామూలే కావచ్చు.

అసలు పోలిక ఎవరితో? ప్రపంచమంతా ఎక్కువగా వాడే నమూనా కెనడాలోని మాంట్రియల్‌లో తయారైంది. 2019లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో జయంతి శివస్వామి బృందం 100 మంది భారతీయుల స్కాన్లతో మన నమూనా తయారుచేసింది. సగటున మన మెదడు పాశ్చాత్యుల కన్నా ఎత్తు, వెడల్పు, పరిమాణంలో కాస్త చిన్నదని తేలింది. చిన్నదంటే తెలివి తక్కువని కాదు, కొలబద్ద వేరని. అయితే ఆ వంద మందీ యువతీ యువకులే. డెబ్బై ఏళ్ల అబ్బాను వాళ్లతో పోల్చలేం.

నేను కామర్స్ చదివినదాన్ని. ఒక్క ఏడాది బ్యాలెన్స్ షీట్ చూసి కంపెనీ మునుగుతోందని చెప్పలేం. స్కాన్ కూడా అంతే. ఏడాదో రెండేళ్లో ఆగి తీసిన రెండోదాన్ని పక్కన పెడితేనే తగ్గే వేగం తెలుస్తుంది. పాత సీడీ పారేయకండి.

రిపోర్టులో తెల్లమచ్చల గురించి ఉంటే మాత్రం డాక్టర్‌ని గట్టిగా అడగండి. అవి చాలావరకు బీపీ, షుగర్‌తో చిన్న రక్తనాళాలు దెబ్బతిన్న గుర్తులు. బీపీ అదుపులో ఉంటే అవి పెరగడం నెమ్మదిస్తుంది.

బీ12, థైరాయిడ్ లోపాలతోనూ మతిమరుపు వస్తుంది. రక్తపరీక్షలో దొరుకుతాయి, మందులున్నాయి. చెవులూ చూపించండి. ఏళ్ల తరబడి డ్రిల్లింగ్, బ్లాస్టింగ్ చప్పుళ్ల మధ్య పనిచేసిన మనిషికి సగం మాట వినపడకపోతే, మనం మర్చిపోయారనుకుంటాం.

కింద పడ్డాక కొన్ని రోజులకో, వారాలకో ఉన్నట్టుండి తికమకపడుతుంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. తలలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.